బంతిని మోయు బెల్టు

గత విద్యాసంవత్సరమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో ఒక తండ్రిగారు లేచి, "అయ్యా, మావాడు సాయంత్రమంతా బడిలో ఏదో రంగుతాడు కరగబెట్టి అతికిస్తున్నాడట. దానికి మార్కులొస్తాయా?" అని అడిగిరి. సభలో కొందరు నవ్విరి. ప్రశ్న మాత్రము న్యాయమైనదే. కూలిడబ్బులోనో, ద్రాక్షతోట రాబడిలోనో మిగిల్చి బిడ్డను చదివించు తండ్రి అడుగవలసిన ప్రశ్నయే అది. ఆనాడు వేళ చాలక చెప్పలేకపోయిన సమాధానమును ఈ సంచికలో విన్నవించుచున్నాము.

మన విద్యార్థులు తయారుచేయుచున్నది బంతులను ఏరి, మోసి, విసరు రోబో. రోబో యనగా మనిషి రూపమున నుండు బొమ్మ కానక్కరలేదు; చెప్పిన పనిని చెప్పిన వరుసలో చేయు యంత్రము. ఇట్టి యంత్రములతో విద్యార్థులు పోటీపడు ఆటలు ప్రపంచమున పెక్కు కలవు. అమెరికాలో 1992లో మొదలైన 'ఫస్ట్' వారి పోటీ ఉన్నత పాఠశాల పిల్లలకు సంబంధించినది. అందులో 2020వ సంవత్సరపు ఆటకు ఏడంగుళముల నురుగు బంతులను, 2022వ సంవత్సరపు ఆటకు తొమ్మిదిన్నర అంగుళముల బంతులను వాడిరి. ఆసియా, పసిఫిక్ దేశముల ప్రసారసంస్థల కూటమి 2002 నుండి కళాశాల విద్యార్థులకు 'రోబోకాన్' అను పోటీని నడుపుచున్నది. 2022 ఆగస్టులో అది న్యూఢిల్లీలో జరిగినపుడు ఎన్నుకొన్న ఆట 'లగోరి'. అనగా మన వీథులలో పిల్లలాడు ఏడుపెంకులాటయే.

బంతులతో ఆడు రోబోకు సాధారణముగా మూడు పనులుండును. నేలమీది బంతిని లోనికి లాగుట, లోపల దానిని పైకి మోయుట, గురిచూచి విసరుట. మొదటి రెండు పనులకును మిక్కిలి అనుకూలమైనది ఆ 'రంగుతాడు'. దాని అసలు పేరు గుండ్రని యూరిథేన్ బెల్టు.

మీ ఇంట కాలితో త్రొక్కు కుట్టుమిషను ఉన్నచో దాని తోలుబెల్టును ఒకసారి చూడుడు. క్రింది పెద్ద చక్రమునుండి పైచక్రమునకు గాడిలో పరుగెత్తు గుండ్రని తాడు అది. యూరిథేన్ బెల్టు దాని తమ్ముడు. పాలియూరిథేన్ అను పదార్థమును 1937లో జర్మనీ దేశమున ఆటో బేయర్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కనుగొనిరి. ఈ బెల్టునకు వాడునది అందులో ఒక రకము. గంధకముతో కాల్చి గట్టిపరచిన రబ్బరు కాల్చిన ఇటుకవంటిది. మరల కరగదు, వేడి ఎక్కువైన మాడును. ఈ రకపు యూరిథేన్ లక్కవంటిది. వేడిచేసిన కరగును, చల్లారిన మరల గట్టిపడును. కనుక కావలసినంత పొడవు కోసి, రెండు కొసలు కరగించి అతికించిన, ఏ కొలతకైనను బెల్టు సిద్ధమగును. పైగా రబ్బరువలె సాగును, బంతిని పట్టును, త్వరగా అరుగదు.

ఇక అది బంతిని మోయు తీరు. క్రింద ఒక ఇరుసు, పైన ఒక ఇరుసు. వానిపై గాడి గల కప్పీలు. కప్పీల మీదుగా రెండు మూడు బెల్టులు సమాంతరముగా తిరుగును. బెల్టులకు ఎదురుగా కదలని పలక ఒకటి నిలిపియుండును. ఈ రెంటి నడుమ ఖాళీ బంతికన్న కొంచెము తక్కువగా నుండవలెను. అప్పుడు బంతి కొద్దిగా నొక్కుకొని, బెల్టు పట్టునకు చిక్కి, పలకమీద దొర్లుచు పైకి పోవును.

ఇచ్చట పిల్లలను మొదట ఆశ్చర్యపరచిన విషయమొకటి కలదు. బెల్టు ఎంత వేగముతో పోవునో బంతి అందులో సగము వేగముతోనే పోవును. దుంగలపై బండను దొర్లించువారికి ఇది తెలిసినదే: దుంగ ఒక గజము జరుగునప్పటికి బండ రెండు గజములు జరుగును. నాలుగు సెంటీమీటర్ల వ్యాసము గల కప్పీ నిమిషమునకు 300 చుట్లు తిరిగిన, బెల్టు సెకనుకు సుమారు 63 సెంటీమీటర్లు పోవును. బంతి 31 సెంటీమీటర్లు మాత్రమే. పలకకు బదులు అటువైపు కూడ బెల్టులనే పెట్టి సమానవేగముతో నడిపిన, బంతి దొర్లక, బెల్టుల వేగముతోనే నేరుగా పోవును.

ఈ భేదము తెలియకనే మొదటి పోటీలో మేము ఓడితిమి. ఒక్క బంతి చక్కగా పైకెక్కెను. రెండవ బంతి వెనుకనే రాగా రెండును మధ్యలో బిగిసికొని నిలిచిపోయెను. బెల్టులు వానిమీద వట్టిగా జారుచుండెను. పిల్లలు తలలు వంచుకొని తిరిగివచ్చిరి. మరునాడు రెండు బంతులను బల్లపై ఆనించి, చేతులతో ఒకే దిక్కునకు త్రిప్పి చూచిరి. అవి తాకుచోట ఒకదాని తలము అటును, వేరొకదాని తలము ఇటును పోవుచు ఒకదానినొకటి అడ్డగించుచుండెను. దోషము బెల్టుది కాదు, రాపిడిది. పై భాగపు బెల్టులను క్రిందివానికన్న వేగముగా త్రిప్పిన బంతుల నడుమ ఎడము కలుగును. లేదా రెండువైపుల బెల్టులు పెట్టిన బంతులు దొర్లనే దొర్లవు. మనవారు మొదటి మార్గమును ఎన్నుకొనిరి.

రెండవ చిక్కు బిగువు. వదులైన బెల్టు జారును. మిక్కిలి బిగిసిన బెల్టు ఇరుసును వంచును, మోటారును అలయించును. దీనిని తీర్చినవారు మేము కాము, దర్జీపని చేయు ఒక తండ్రిగారు. పిల్లవానిని తీసికొనిపోవ వచ్చి, బెల్టును వ్రేలితో మీటి చూచి, "కొలతకు సరిగ్గా కోస్తే ఎలాగయ్యా? కాస్త పొట్టిగా కోసి లాగి తొడగాలి. మా మిషను బెల్టూ అంతే" అనిరి. లెక్క ఆయన మాటను బలపరచినది. ఇరుసుల నడుమ దూరము 30 సెంటీమీటర్లు, కప్పీ వ్యాసము 4 సెంటీమీటర్లు అయిన, బెల్టు దారి పొడవు సుమారు 72.6 సెంటీమీటర్లు. నూటికి ఎనిమిది పాళ్లు సాగునట్లు తొడుగవలెనన్న, అతికిన పిమ్మట బెల్టు పొడవు 67.2 సెంటీమీటర్లుండవలెను. కొసలు కరగి కొంత తరుగును గనుక కోయునపుడు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ విడువవలెను. క్రొత్త బెల్టు మొదటి దినములలో కొంత సాగి వదులగును; తోలుబెల్టువలె దీనిని కూడ కోసి మరల అతుకవచ్చును.

మూడవది అతుకు. కొసలను తిన్నగా కోసి, రెంటిని ఒకేసారి వేడిపలకకు ఆనింపవలెను. చుట్టును చిన్న అంచు కరగి ఉబ్బగానే పలకను తీసి, కొసలను వంకర లేక, మెలిక లేక ఎదురెదురుగా కలిపి, చల్లారువరకు కదలక పట్టుకొనవలెను. ఉబ్బిన అంచును తరువాత కత్తిరింపవలెను. లేకున్న అది గాడిలో ప్రతి చుట్టునకు ఎగిరిపడును. అతుకును వంచి చూచినపుడు పగులు కనబడెనా, కోసి మరల చేయవలసినదే. తొందరపడి లాగిన అతుకు పోటీ నడుమ తెగును. ఈ పని పెద్దల యెదుట, గాలి వచ్చు గదిలో మాత్రమే చేయించుచున్నాము. పొగ రానీయరాదు, పొగ వచ్చెనన్న అది కరగుట కాదు, మాడుట.

ఈ బెల్టు అన్నిటికిని పనికిరాదు. బంతిని దూరముగా విసరు చక్రమునకు వేగము తప్పరాదు గనుక అచ్చట పండ్ల బెల్టు గాని పండ్ల చక్రములు గాని మేలు. ప్రక్కనుండి బంతి గట్టిగా త్రోసిన గుండ్రని బెల్టు గాడి తప్పును. కావున గాడి లోతుగా నుండవలెను. అయితే అది జారుటలో ఒక మేలు కూడ కలదు. బంతి ఇరుకుకొన్నపుడు బెల్టు జారి మోటారును కాపాడును.

మార్కులు వచ్చునా అను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము. బెల్టు అతికినందుకు ఏ పరీక్షలోను మార్కులుండవు. కాని రాపిడి, వేగము, వృత్తపరిధి అను పాఠములు ఆ బాలుని చేతికి తెలిసినవి. వేరొక సంగతియు కలదు. ఆ మొదటి పోటీలో న్యాయనిర్ణేత ఒకరు "ఎందుకు ఆగినది?" అని అడుగగా మన పిల్లలు మౌనముగా నిలిచిరి. ఇంగ్లీషు రాకపోవుట కారణమని అప్పుడు మేమును తలచితిమి. పొరబాటు. వారికి తెలుగులోను అప్పటికి కారణము తెలియదు. తెలిసిన తరువాత కప్పీ, గాడి, బిగువు, జారుడు, అతుకు అను మాటలతో తడబడక చెప్పిరి. ఆపై తమిళములోను, కొంచెము కష్టపడి ఇంగ్లీషులోను చెప్పగలిగిరి.

కావున తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. దర్జీలు, పంపు మరమ్మతు చేయువారు, లేతు పట్టువారు మనలో పలువురు కలరు. "మాకేమి తెలుసు" అని గేటు వెలుపలనే నిలువకుడు. ఒక సాయంకాలము లోనికి వచ్చి ఆ బెల్టును మీరును మీటి చూడుడు.