సింహమా, చిఱుతపులియా?

ఇంగ్లండు రాజుల డాలుపై నెఱ్ఱని నేలలో మూడు బంగారు మృగములు ఒకదాని క్రింద నొకటిగా నడచుచుండును. మొదటి రిచర్డు రాజముద్రపై 1198 నాటికే యీ మూడును గానవచ్చును. నేడు వీనిని అందఱును సింహములందురు. మధ్యయుగపు లాంఛనశాస్త్రజ్ఞులు మాత్రము చిఱుతపులు లనిరి.

ఇది చిత్రకారుని తప్పిదము గాదు. ఆ శాస్త్రమున పేరు నిర్ణయించునది జూలు గాదు, మచ్చలును గావు, భంగిమ. వెనుక కాళ్లపై లేచి, పంజా విప్పి, ప్రక్కకు జూచునది సింహము. స్కాట్లండు డాలుపై నున్న దట్టిది. అదే మృగము నడచుచు మనవైపు మొగము త్రిప్పెనా, చిఱుత యగును! మన చాళుక్యుల వరాహ మెటు తిరిగినను వరాహమే గదా. దస్తావేజులోని మాటనుబట్టి యాస్తిని నిర్ణయించు న్యాయవాదులకు మాత్రము ఇది వింతగా దోపకపోవచ్చును.

1235లో చక్రవర్తి రెండవ ఫ్రెడరికు తన బావమఱది మూడవ హెన్రీకి, ఆ డాలును తలచియే, మూడు సజీవమైన చిఱుతలను కానుకగా బంపెను. అవి లండను టవరు కోటలో నుంచబడినవి.

అయితే చిఱుత యను పేరులో నొక నింద గలదు. అది ఆడుసింహమునకు అన్యమృగమువలన బుట్టిన సంకరమని ఆ కాలపు గ్రంథములు నమ్మినవి. కావుననే కాబోలు, ఆంగ్లపండితులు క్రమముగా ‘మనవైపు జూచుచు నడచు సింహము’ అని వర్ణింపసాగిరి. చిత్రమున నొక్క గీతయు మాఱలేదు. శత్రువులు పాతపేరును విడువలేదు. 1808లో స్పెయినునకు సేనల నడపుచు నెపోలియను ఇంగ్లండును చిఱుత యనియే దూషించెను.