కడుపు నిలవకపోవడానికి రక్తంలో ఒక కారణం

వరుసగా రెండు మూడు సార్లు కడుపు పోతే మన పల్లెల్లో ఆ నింద కోడలి మీదనే పడుతుంది. గ్రహదోషమని కొందరు, ఎవరో ఏదో చేయించారని మరికొందరు అంటారు. అటువంటి స్త్రీలలో కొందరికి అసలు కారణం రక్తంలో ఉంటుంది. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే ఈ రుగ్మతను 1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ వివరించారు. ఇది పురుషులకూ రావచ్చు. కాలి సిరల్లో రక్తపు గడ్డలు, చిన్న వయసులోనే పక్షవాతం దీని ఇతర రూపాలు.

శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే కంచె చేను మేసినట్లు సొంత శరీరం మీద తిరగబడడం ఈ రుగ్మతకు మూలం. అవి కణాల పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుంటాయని తొలుత భావించారు. పేరు కూడా అలాగే వచ్చింది. అయితే ఆ కొవ్వుకు అంటుకోవడానికి వాటికి బీటా-2 గ్లైకోప్రోటీన్-1 అనే రక్తపు ప్రోటీన్ అవసరమని 1990లో ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్, జపాన్ పరిశోధకులు వేర్వేరుగా కనుగొన్నారు. ముఖ్యమైన గురి ఆ ప్రోటీనేనని తరువాత స్థిరపడింది.

ఈ ప్రోటీన్ ప్రధానంగా కాలేయంలో తయారై ఆరోగ్యవంతుల రక్తంలోనూ తిరుగుతుంటుంది. దానిలో పూసల దండ వలె ఐదు భాగాలుంటాయి. రక్తంలో అది గుండ్రంగా ముడుచుకొని ఉంటుందని, ఐదవ భాగం కణపు పొరకు అతుక్కోగానే విప్పుకొని గాలపు ముల్లు ఆకారం దాల్చుతుందని పరిశోధకులు వివరిస్తారు. అప్పుడు దాగి ఉన్న మొదటి భాగం బయటపడి ప్రతిరక్షకానికి చిక్కుతుంది. ఒక్కొక్క ప్రతిరక్షకం రెండేసి ప్రోటీన్లను జతకట్టి పొరకు బిగిస్తుంది. దానితో రక్తనాళాల లోపలి కణాలు, ప్లేట్‌లెట్లు రెచ్చిపోయి అవసరం లేని చోట రక్తం గడ్డకడుతుంది. గర్భిణిలో మాయ దెబ్బతిని బిడ్డకు పోషణ అందదు.

మరొక చిక్కు కూడా ఉంది. గర్భిణులకు సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమో చూసే వి.డి.ఆర్.ఎల్. పరీక్షలో కార్డియోలిపిన్ అనే ఫాస్ఫోలిపిడ్‌ను వాడతారు. అందువల్ల ఈ రుగ్మత గలవారిలో ఆ వ్యాధి లేకున్నా ఉన్నట్లు ఫలితం రావచ్చు. ఆ ఒక్క కాగితం చూసి ఇల్లాలిని శంకించడం అన్యాయం. టి.పి.హెచ్.ఏ. వంటి పరీక్షతో నిర్ధారించుకోవాలి. సిఫిలిస్ ఉన్నట్లు తేలినా అది పెన్సిలిన్‌తో నయమయ్యేదే.

రుగ్మత నిర్ధారణకు మూడు రక్తపరీక్షలున్నాయి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్-1. జ్వరాలు, అంటువ్యాధుల తరువాత ఇవి తాత్కాలికంగా పాజిటివ్ కావచ్చు. కనుక కనీసం 12 వారాల తరువాత తిరిగి చేయించాలి. చికిత్సకు సరిహద్దు దాటి వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లేవారు మొదటి రిపోర్టును భద్రంగా వెంట తీసుకువెళ్లాలి.

గర్భిణులకు వైద్యులు సాధారణంగా తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు. ఈ చికిత్సతో ఎక్కువమంది బిడ్డను ఎత్తుకోగలుగుతున్నారు. రక్తపు గడ్డలు వచ్చినవారికి సాధారణంగా వార్ఫరిన్ మాత్రలు దీర్ఘకాలం అవసరమవుతాయి. వాటి మోతాదును ఐ.ఎన్.ఆర్. పరీక్షతో సరిచూస్తారు. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కనుక గర్భం కోరుకునేవారు ముందే వైద్యునికి చెప్పాలి. అంతేగాని మందును సొంతంగా మానరాదు. మానితే గడ్డ మళ్లీ ఏర్పడే ప్రమాదముంది.