అవాంఛిత ఉత్తరాలకు జల్లెడ

బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని ఉస్లాపూర్ పరిసరాలలో నివసించే మన ఉద్యోగుల కుటుంబాలకు పింఛను, వైద్యఖర్చులు మొదలైన అనేక విషయాలు ఈనాడు ఈ-మెయిల్ ద్వారా అందుతున్నాయి. వాటి వెంటే అవాంఛిత ఉత్తరాలూ వచ్చిపడుతున్నాయి. ఈ బెడదకు 1978 మే 3న అమెరికాలోని ఆర్పానెట్‌పై పంపిన ఒక కంప్యూటర్ ప్రకటన నాంది పలికింది.

2001లో వెలువడిన స్పామ్‌అసాసిన్ వంటి జల్లెడను మెయిల్ సర్వర్‌పై అమర్చితే, అది ప్రతి ఉత్తరాన్నీ పలు నియమాలతో పరీక్షించి మార్కులు వేస్తుంది. సాధారణంగా మొత్తం 5కు చేరితే అనుమానాస్పదమని ముద్ర వేస్తుంది. ఆ హద్దును తగ్గిస్తే చెత్త తగ్గుతుంది; కాని తాలుతోబాటు గింజా కొట్టుకుపోతుంది.

కనుక ఆరంభంలో ఏ ఉత్తరాన్నీ తొలగించక, వేరొక అరలో ఉంచడమే శ్రేయస్కరమని మేము భావిస్తున్నాము. మంచి ఉత్తరం అందులో చిక్కితే, ఏ నియమానికి ఎన్ని మార్కులు పడ్డాయో దాని హెడర్‌లో చూడాలి. ఉత్తరాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోతే ముందుగా డీఎన్‌ఎస్ అమరికను పరీక్షించాలి. బహిరంగ డీఎన్‌ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హాస్ నిషేధ జాబితా సమాధానం నిరాకరిస్తుంది. ఆ నిరాకరణనే సర్వర్ నేరనిర్ధారణగా పొరబడవచ్చు.

పది చెత్త ఉత్తరాలు లోనికి వచ్చినా మీట నొక్కి తొలగించవచ్చు. కుటుంబ పింఛనుకై ఎదురుచూసే ఇల్లాలి ఉత్తరం ఒక్కటి పోతే ఆ నష్టం పూడేది కాదు. పాఠకులు వారానికొకసారి స్పామ్ అర తెరచి చూడవలసిందిగా మా మనవి.