చీర మూడు మడతలు వేస్తే.. బొంత!

మీ బీరువా పైఅరలో ఓ మూట ఉండే ఉంటుంది. అమ్మవో, అత్తమ్మవో మెత్తబడిపోయిన నూలు చీరలు. కట్టుకోలేరు, పారేయలేరు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు వీధిలో కేకేసిన ప్రతిసారీ ‘ఈసారి ఇచ్చేద్దాం’ అనుకుంటారు. మూట విప్పుతారు. ఓ చీర తీసి ముఖానికి ఆనించుకుంటారు. మళ్లీ ముడేసి పైన పెట్టేస్తారు.

ఈ వారం ఆ మూటను కిందికి దించి, విప్పి, అలాగే ఉంచండి. సూది, దారం, కత్తెర పక్కన పెట్టుకోండి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఓ ముప్ఫై, నలభై ఏళ్ల కిందట బొంత లేని ఇల్లు అరుదు. చలికాలం కప్పుకోవడానికి, ఎండాకాలం డాబా మీద పరుచుకోవడానికి, బాలింత పక్కన పసిబిడ్డను పడుకోబెట్టడానికి అదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలో అంచూ పట్టుకుని కూర్చునేవాళ్లు. చేతులు కుడుతుంటే నోళ్లు ఊరి సంగతులన్నీ విప్పేవి. మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి వెళ్లేవాళ్ల ఇళ్లలోనైతే గోనెసంచుల మూతి కుట్టే దబ్బనం కూడా చూరులో గుచ్చి ఉండేది. మందం బొంతలకు అదే పనికొచ్చేది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ ఉన్నాయి. అరుగులే లేవు. పిల్లలు హైదరాబాద్ హాస్టల్లోనో, డాలస్‌లోనో ఉంటారు. ఇంటాయన షాపు నుంచి రాత్రి తొమ్మిదికి గానీ రారు. రెండు నుంచి ఐదు దాకా ఇంట్లో మీరు, ఫోను. ఒక రీలు, ఇంకో రీలు. ఐదింటికి లేచేసరికి తల బరువు, మనసులో ఏదో వెలితి. ఏం చూశారో ఒక్కటీ గుర్తుండదు. అదే మూడు గంటల్లో కాసేపు బొంతకిస్తే? సాయంత్రానికి కనీసం ఓ జానెడు మేర పని కళ్లెదురుగా కనిపిస్తుంది.

లెక్క చాలా సులువు. జాకెట్ ముక్క తీసేసిన చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. దాన్ని పొడవులో మూడు మడతలు వేయండి. ఆరడుగుల పొడవు, మూడుముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. సరిగ్గా సింగిల్ మంచం కొలత! మూడు పొరలూ ఆ ఒక్క చీరతోనే వచ్చేశాయి. వేసవికి ఇది చాలు. చలికాలానికి కావాలంటే రెండో చీర కలపండి, ఆరు పొరలవుతాయి. అంతకు మించితే మామూలు సూది దిగదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క చీరతో ఆగడమే మంచిది.

చీరలు ముందుగా వేడినీళ్లలో ఉతికి, ఎండలో కరకరలాడేలా ఆరేయండి. ఏళ్ల తరబడి మూటలో ఉన్న బట్టల్లో దుమ్ము పేరుకుని ఉంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు, పొద్దున్నే తుమ్ములతో లేచేవాళ్లు ఉంటే ఈ పని అస్సలు దాటవేయొద్దు. ఫాల్ విప్పేయండి. జరీ అంచు ఉంటే కత్తిరించండి, పడుకుంటే గుచ్చుకుంటుంది. నేల మీద పరిచి, ముడతలు లేకుండా సర్ది, ముందు పెద్ద పెద్దగా కచ్చాకుట్టు వేయండి. ఎప్పుడూ నడిమధ్య నుంచి అంచుల వైపు వెళ్లాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ మధ్యలోకి చేరి పొట్టలా ఉబ్బుతుంది. మొదటి బొంతకు నేను చేసిన తప్పు అదే. ఇప్పటికీ అది మా ఇంట్లో ‘పొట్ట బొంత’.

సూదుల ప్యాకెట్ కొనేటప్పుడు ఒక సంగతి. చేతికుట్టు సూదికి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. దారం మూరెడు చాలు. మాటిమాటికీ ఎక్కించడానికి బద్ధకించి రెండు బారలు తీశారనుకోండి, చిక్కులు విప్పడానికే పొద్దుపోతుంది. ఎంబ్రాయిడరీ దారమైతే ఆరు పేటలు కలిసి వస్తుంది. అందులో మూడు పేటలు విడదీసి వాడండి. రెండు వేళ్ల ఎడంతో వరుసలు వేసుకుంటూ వెళ్తే మొత్తం ముప్ఫై వరుసల దాకా వస్తాయి. రోజుకో వరుస, వరుసకో అరగంట. నెలకు బొంత అయిపోతుంది. తొందరపడితే మాత్రం ఈ పనిలో మజా లేదు.

ఇంతకీ ఆ మజా ఎక్కడి నుంచి వస్తుంది? సూది దిగుతుంది, పైకి వస్తుంది, మళ్లీ దిగుతుంది. ఒకే కదలిక. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో రాసిన పుస్తకంలో ‘రిలాక్సేషన్ రెస్పాన్స్’ గురించి వివరించారు. ఒకే మాటనో, శబ్దాన్నో, కదలికనో పదేపదే చేస్తూ, మధ్యలో వచ్చే ఆలోచనలను పట్టించుకోకుండా వదిలేస్తే శ్వాస నెమ్మదిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది, కండరాల బిగువు సడలుతుంది. జపమాల తిప్పే అమ్మమ్మకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. బొంత కుట్టే నానమ్మకూ తెలుసు.

2013లో ఓ బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో వివిధ దేశాల్లో ఊలు అల్లే 3,545 మందిని ప్రశ్నించారు. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని చెప్పినవాళ్లు ఎక్కువ. అల్లికంటే ఇష్టమున్నవాళ్లనే అడిగారు కదా, ఇంకేం చెబుతారు అని మీరు అనొచ్చు. న్యాయమైన మాటే. జ్ఞాపకశక్తి సంగతిలోనూ కొంచెం ఆచితూచి మాట్లాడాలి. అమెరికాలోని మేయో క్లినిక్ 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉన్న 1,321 మందిని పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించింది. పుస్తకాలు చదవడం, కంప్యూటర్ వాడటం, అల్లికలు, బొంతలు కుట్టడం వంటి పనులు చేసేవాళ్లలో మతిమరుపు తొలిదశ కనిపించే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా తక్కువగా ఉంది. కానీ కుట్టడం వల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నందుకు కుట్టగలుగుతున్నారా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు. టెక్సస్ విశ్వవిద్యాలయం 221 మంది పెద్దవాళ్లతో ఇంకో పద్ధతిలో ప్రయత్నించింది. మూడు నెలలపాటు కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం, ఇంకొందరికి రెండూ వారానికి సుమారు పదిహేను గంటలు నేర్పారు. జ్ఞాపకశక్తి బాగా మెరుగుపడింది ఫొటోగ్రఫీ ఉన్నవాళ్లకే! ఒక్క బొంతలతో అంత తేడా రాలేదు. అంటే తెలిసిన కుట్టే జీవితాంతం కుట్టుకుంటూ పోతే మనసుకు హాయి, మెదడుకు పెద్ద కసరత్తు కాదు. గొలుసుకుట్టు వచ్చినవాళ్లు కాడకుట్టు, కాడకుట్టు వచ్చినవాళ్లు అద్దాలు కుట్టడం నేర్చుకోవాలన్నమాట.

అద్దాల కుట్టుకు గురువులు మనకు దూరంలో లేరు. సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టూ ఎటు వెళ్లినా లంబాడీ తండాలే. ఫేటియా, కాంచళి, టుక్రి.. అంటే లంగా, రవిక, తలమీది వస్త్రం. పెద్దవయసు ఆడవాళ్ల ఒంటి మీద కనిపించే ఈ బట్టల్లో అద్దాలు, గవ్వలు, రంగు దారాలు ఎంత ఒద్దికగా కుదురుకుంటాయో దగ్గర నుంచి చూడండి. ట్రేసింగ్ కాగితం లేదు, గీత లేదు. చేతికి గుర్తున్న లెక్క. అయితే కొత్త తరం చీరలకూ చుడీదార్లకూ మారిపోయింది. ఆ కుట్టు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. తమిళనాడు ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలోనూ ఇదే జరిగింది. అక్కడ 1993 నుంచి వైద్యం చేస్తున్న డాక్టర్ రెజీ, డాక్టర్ లలిత దంపతుల సంస్థ అండతో లంబాడీ ఆడవాళ్లు మళ్లీ సూది పట్టారు. వాళ్ల సంఘం పేరు ‘పోర్గై’. వాళ్ల భాషలో ఆత్మగౌరవం అని అర్థం. కర్ణాటకలోని సండూరు లంబాడీ మహిళలైతే 2023 జులైలో హంపిలో జరిగిన జీ-20 సమావేశంలో 1,755 కుట్టుపనులను ఒకచోట పేర్చి గిన్నిస్ రికార్డు సాధించారు. మీ పక్క తండా అవ్వ దగ్గర ఓ నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంటే యూట్యూబ్‌లో దొరకని కుట్లు దొరుకుతాయి. ఊరికే నేర్పమనకండి, ఆమె సమయానికి డబ్బు ఇవ్వండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మగ్గం వర్క్ గురించి చెప్పాలి. మన మూడు పట్టణాల్లోనూ వీధికో బొటిక్. పెళ్లిళ్ల సీజన్ వస్తే ఆరీ సూదికి తీరిక ఉండదు. ఇంటి దగ్గరే సంపాదన, మంచిదే. కానీ సరదాగా రోజుకో అరగంట కుట్టడం వేరు, రేపటికి జాకెట్ ఇవ్వాలని అర్ధరాత్రి దాకా మగ్గం మీద వంగి ఉండటం వేరు. మొదటిది బీపీని కాస్త శాంతింపజేస్తుంది, రెండోది మెడ విరగ్గొడుతుంది. ఈ పని చేసేవాళ్లకు మెడనొప్పి, కళ్లమంట ‘మామూలే’ అన్నట్టు మాట్లాడతాం. మామూలు కాదు.

కళ్లతో మొదలుపెడదాం. నలభై దాటాక సూదిబెజ్జం మసకబారడం సహజం. దగ్గరి చూపు అద్దాలు పెట్టుకోవడానికి మొహమాటపడకండి. అద్దాలు పెట్టుకున్నా మసకే అయితే, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే శుక్లమేమో చూపించుకోండి. షుగరున్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష ఎలాగూ చేయించుకోవాలి. కుడిచేత్తో కుట్టేవాళ్లకు వెలుతురు ఎడమ వైపు నుంచి పడాలి, లేకపోతే చేతి నీడలోనే కుట్టాల్సి వస్తుంది. పనిలో పడితే రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో, వాటర్ ట్యాంకునో ఇరవై సెకన్లు చూడండి.

గోడకు వీపు ఆనించి, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద పని పెట్టుకుంటే మెడ వంచాల్సిన అవసరం సగం తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల మీద పట్టుదలకు పోవద్దు, కుర్చీ, బల్ల వాడుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలోంచి లేపుతుంటే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుంటోందేమో అనుమానించాలి. మొండి కత్తెరతో మందం గుడ్డ కోస్తే బొటనవేలి మొదట్లో నొప్పి వస్తుంది. వేలు మడిస్తే పట్టేసి టక్కుమని తెరుచుకోవడం షుగరున్నవాళ్లలో ఎక్కువ. ఇవన్నీ తొలిదశలో విశ్రాంతితో, పట్టీతో తగ్గేవే. నెలల తరబడి ఓర్చుకుంటేనే చిక్కు. షుగరు వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు సూది గుచ్చుకున్నా తెలియదు. దర్జీలు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు చిన్న ఖర్చే, తప్పకుండా కొనుక్కోండి.

పసిపిల్లలకు కుట్టే బొంతకు అద్దాలు, పూసలు, గుండీలు వద్దు. ఊడితే నోట్లోకే వెళ్తాయి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోతున్నప్పుడు మందపాటి బొంత మీద కప్పొద్దు, ముఖం మీదికి జారితే ఊపిరాడదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టండి, మీరు పక్కనే కూర్చోండి.

ఇంకో మాట చెప్పాలి. మా అమ్మ పోయాక ఆమె చీరల మూట మూడేళ్లు అలాగే ఉంది. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని మా పెద్దమ్మ పట్టు. ఆమె మాట కాదనలేక సగం ఇచ్చేశాను, నాలుగు దాచుకున్నాను. వాటితో కుట్టడం మొదలుపెట్టిన మొదటి వారం, నిజం చెప్తున్నాను, కుట్టిందానికంటే ఏడ్చిందే ఎక్కువ. ఆవపువ్వు రంగు చీర కొంగులో కూర మరక ఉంది. ఎంత ఉతికినా పోలేదు. దాన్ని పైకే వచ్చేలా పెట్టి కుట్టాను. రెండో వారానికి ఏడుపు తగ్గింది, మూడో వారానికి పెద్దమ్మే వచ్చి ‘ఇటు ఇయ్యి, నీ కుట్టు వంకర పోతున్నది’ అని సూది లాక్కుంది. ఆ రోజు ఇద్దరం అమ్మ గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. అంతకుముందు మూడేళ్లలో మాట్లాడుకున్నది మొత్తం కలిపినా అంత ఉండదు.

అలాగని దుఃఖానికి, దిగులుకు సూదీదారమే మందని చెప్పను. రెండు వారాలు దాటినా మనసు లేవకపోతే, నిద్ర, ఆకలి పోతే, ఒకప్పుడు ఇష్టంగా చేసిన కుట్టు కూడా చేతకాకపోతే అది బద్ధకం కాదు. డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌కు చూపించండి. బయటికి వెళ్లడం కష్టమైతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా అలా ఉంటే ‘ఏదైనా పని పెట్టుకో, అదే పోతుంది’ అని బొంత చేతిలో పెట్టి వెళ్లిపోకండి. పక్కన కూర్చుని రెండో అంచు పట్టుకోండి.

మగవాళ్లు పట్టుకోవచ్చా అని ఎవరైనా అడుగుతారేమో. ఊళ్లో దర్జీలందరూ ఎవరట? రిటైరైన నాన్నకు గుండీ కుట్టడం, ప్యాంటు అంచు మడిచి కుట్టడం నేర్పి చూడండి. పుట్టింటివాళ్లు పెట్టిన తొక్కుడు మిషన్ టీవీ కింద స్టాండులా మారి ఉంటే దాని మీది గుడ్డ తీసి, రెండు చుక్కల నూనె వేసి ఆయనకే అప్పగించండి. బెల్టు జారిందని, బాబిన్ చిక్కుపడిందని విప్పి బిగించడంలోనే ఆయనకు నాలుగు రోజులు గడిచిపోతాయి.

చివరి వరుస అయ్యాక ముడిని పొరల మధ్యలోకి లాగి తెంపండి, పైకి కనిపించదు. కచ్చాకుట్లు విప్పేయండి. మొదటిసారి ఉతకడానికి గోరువెచ్చని నీళ్లు, కుంకుడురసం చాలు. తడిసిన బొంత మోయలేనంత బరువెక్కుతుంది, ఒక్కరే పిండాలని చూసి నడుం పట్టేయించుకోకండి. ఇద్దరు పట్టుకుని డాబా పిట్టగోడ మీద వేయండి. ఆరాక తీస్తే కుట్టుకు కుట్టుకు మధ్య సన్నగా ముడతలు పడి ఉంటాయి. చెడిపోయిందని కంగారుపడకండి. బొంత అంటే అలాగే ఉంటుంది.