రోదసిలో పనుల పట్టీ రాసుకున్న యంత్రం

శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే సూళ్ళూరుపేటలో జనం మేడలెక్కి చూస్తారు. నిప్పులు చిమ్ముతూ అది కనుమరుగు కాగానే కిందికి దిగుతారు. అయితే అది మోసుకెళ్ళిన వ్యోమనౌకకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఏ నిమిషాన ఫోటో తీయాలి, ఇంజన్ ఎప్పుడు ఆపాలి, ఉన్న విద్యుత్తును ఏ పరికరానికి ఎంత ఇవ్వాలి, సమాచారం భూమికి ఎప్పుడు పంపాలి... ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన పనులు. పెళ్ళివారింట మాదిరే ఒకటి ఆలస్యమైతే మిగతావన్నీ తారుమారవుతాయి.

ఈ పనుల పట్టీని భూమిమీది ఇంజనీర్లు తయారుచేసి రేడియో ద్వారా పంపడం ఆనవాయితీ. నౌక దూరమయ్యే కొద్దీ చిక్కు పెరుగుతుంది. అంగారకుడి దగ్గరికి సంకేతం చేరడానికే సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడ అపాయం వచ్చిందని ఇక్కడ తెలిసి, జవాబు వెళ్ళేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోవచ్చు.

మరి పట్టీ రాసే పని నౌకకే అప్పగిస్తే? అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1999 మే నెలలో ఈ సాహసం చేసింది. 1998 అక్టోబరులో ప్రయోగించిన 'డీప్ స్పేస్-1' నౌకను 'రిమోట్ ఏజెంట్' అనే కృత్రిమ మేధ ప్రోగ్రాంకు అప్పగించింది. ఏం సాధించాలో మాత్రమే శాస్త్రజ్ఞులు చెబుతారు. ఏది ముందో, ఏది వెనకో అదే తేల్చుకోవాలి. అప్పటికి నౌక భూమికి 9 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది.

మే 17న పగ్గాలు అందుకున్న యంత్రం మరునాడే తడబడింది. ఆపవలసిన ఇంజన్‌ను ఆపలేదు. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు 'ముందు మీరు' అంటే 'ముందు మీరు' అంటూ నిలబడిపోయినట్లు, ప్రోగ్రాంలోని రెండు భాగాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోయాయని ఇంజనీర్లు కనిపెట్టారు. భూమిమీద చేసిన పరీక్షల్లో బయటపడని లోపం అది.

మే 21న దానికి మళ్ళీ అవకాశం ఇచ్చారు. ఈసారి శాస్త్రజ్ఞులు కావాలనే మూడు ఉత్తుత్తి లోపాలు కల్పించారు. మొరాయించిన పరికరాన్ని అది తిరిగి పనిచేయించింది. తప్పుడు కబురు చెబుతున్న సెన్సార్‌ను నమ్మలేదు. దిశ మార్చే చిన్న ఇంజన్ ఒకటి పలకకపోతే, అది లేకుండానే నౌకను నడిపే పద్ధతికి మారింది.

కొన్నేళ్ళకు 'ఎర్త్ అబ్జర్వింగ్-1' ఉపగ్రహానికి ఇలాంటి బాధ్యతే ఇచ్చారు. 2004 మేలో అంటార్కిటికాలోని ఎరెబస్ అగ్నిపర్వతం వేడిని అది తానే పసిగట్టి, తన పట్టీని తానే మార్చుకుని, కొన్ని గంటల్లో మరో ఫోటో తీసింది. అదే ఏడాది అంగారకుడిపై దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డారు. వాటి దినచర్య రాయడానికి భూమిమీది కంప్యూటర్ సాయపడేది. మనుషులు దిద్ది, సరిచూశాకే ఆజ్ఞలు వెళ్ళేవి.

లెక్కకు మిక్కిలి పనులను వరసలో పెట్టడంలో యంత్రం మనిషిని మించవచ్చు. కాని 'ముందు మీరు' పేచీని గుర్తించి తీర్చింది మాత్రం భూమిమీది మనుషులే. పగ్గాలు ఎక్కడ వదలాలి, ఎక్కడ బిగించాలి అన్నది ఇప్పటికీ మనిషి తేల్చవలసిన లెక్కే.