సైబర్ వేధింపులు – ప్రభుత్వం, విద్యాలయం

విజ్ఞానం మానవునికి వరం. దానిని వినియోగించే బుద్ధిని బట్టి ఆ వరమే శాపంగా పరిణమించవచ్చు. పూర్వం తోటి విద్యార్థిని అవమానించదలచినవాడు గోడ మీద నాలుగు అక్షరాలు గీసేవాడు. సున్నం వేస్తే అవి మాసిపోయేవి. నేడు అదే దుర్బుద్ధి సెల్‌ఫోను ద్వారా క్షణంలో వేలమందికి చేరుతున్నది. బాధితుడు ఇంటి తలుపు మూసుకున్నా వెంటాడుతున్నది.

2021 జూలైలోను, తిరిగి 2022 జనవరిలోను మన దేశంలో అనేకమంది ముస్లిం మహిళల ఛాయాచిత్రాలను వారి అనుమతి లేకుండా సేకరించి, వేలానికి పెట్టినట్లు అంతర్జాలంలో ప్రదర్శించారు. వారిలో పత్రికా రచయిత్రులూ ఉన్నారు. రెండవ సంఘటనలో అరెస్టయినవారిలో ఇంజనీరింగు విద్యార్థులు ఉండటం మనలను కలవరపరచవలసిన విషయం.

ఇట్టి దుశ్చర్యలను అరికట్టడానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఉన్నది. మహిళలను అంతర్జాలంలో వెంబడించడాన్ని 2013లో ప్రత్యేక నేరంగా చేర్చారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని కొనసాగించింది. హైదరాబాదులో 2014లో షీ టీములు ఏర్పడ్డాయి. 2019లో ప్రారంభమైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, స్త్రీలు, పిల్లలకు సంబంధించిన కొన్ని నేరాలపై పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు.

అయితే చట్టం రెండంచుల కత్తి. 2012లో మహారాష్ట్రలో ఒక యువతి ఫేస్‌బుక్‌లో వ్యాఖ్య వ్రాసినందుకు, ఆమె స్నేహితురాలు దానిని మెచ్చినందుకు ఇద్దరినీ అరెస్టు చేశారు. అందుకు ఆధారమైన 66ఎ సెక్షనును శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టులో ప్రశ్నించింది. 2015 మార్చి 24న న్యాయస్థానం ఆ సెక్షనును కొట్టివేసింది. విమర్శ వేరు, వేధింపు వేరు అన్న వివేకం పాలకులకూ అవసరమే.

చట్టం నేరం జరిగిన తరువాత మేల్కొంటుంది. విద్యాలయం ముందుగానే మేల్కొనగలదు. ఫిన్లాండులో తుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ కార్యక్రమం ముఖ్యంగా చూస్తూ నిలబడే విద్యార్థులను ఉద్దేశించినది. ప్రేక్షకులు నవ్వడం మానితే వేధించేవాని ఉత్సాహం చల్లారుతుందన్నది దాని సూత్రం. మన కళాశాలల్లో 2009 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ర్యాగింగు నిరోధక సంఘాలు ఉన్నాయి. అవి సెల్‌ఫోను వేధింపులనూ అంతే శ్రద్ధతో విచారించాలి. ఫిర్యాదు చేసిన విద్యార్థినిని తప్పుపట్టక, ఆమె ఫోనులోని సాక్ష్యాన్ని భద్రపరచాలి.

విద్యార్థి మిత్రులారా! అవమానకరమైన చిత్రం మన చేతికి అందినప్పుడు దానిని మరొకరికి పంపకుండా ఆపగల శక్తి మన బొటనవ్రేలిలోనే ఉన్నది. ఆ సంయమనమే విద్యకు నిజమైన భూషణం.