పొయ్యి మీద ఎసరు, పెదవి మీద ప్రార్థన

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి వాగ్దాన కార్డు తీసుకున్న చేతులే ఒక తీర్మానాన్నీ ఇంటికి మోసుకొస్తాయి. ఈ ఏడాది రోజూ ప్రార్థన చేయాలి, బైబిలు మొత్తం ఒకసారి పూర్తి చేయాలి. లెక్క తేలికే. 1,189 అధ్యాయాలు, రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి సరిపోతాయి. ఆదికాండం కథల్లా పరుగెత్తుతుంది. నిర్గమకాండం ఎర్రసముద్రం దాటేదాకా బాగానే నడుస్తుంది. జనవరి నెలాఖరుకు లేవీయకాండం ఎదురవుతుంది: బలులు, కొవ్వు, కుష్ఠు పరీక్షలు. పేజీల మధ్య రిబ్బను అక్కడే ఆగిపోతుంది. దాంతోపాటే పొద్దుటి ప్రార్థనా ఆగుతుంది.

నెక్కొండ చుట్టుపక్కల పల్లెల్లో సరిగ్గా అప్పుడే మిరప ఏరే పనులు ఊపందుకుంటాయి. చీకటితోనే లేచి వండి, సద్ది కట్టుకుని, కూలీల ఆటో అందుకోవాల్సిన ఆడమనిషికి “నాలుగింటికే లేచి గంటసేపు ఏకాంతంగా మోకరించమ్మా” అని చెప్పడం సులువు. “లేస్తా గని అయ్యగారూ, మోకాళ్ళ మీద ఉండంగనే నిద్ర పడతది” అన్న జవాబు పల్లె పాస్టర్లకు కొత్తేం కాదు. అందులో భక్తి తక్కువేమీ లేదు. సలహానే ఆమె ఇంటికి, ఆమె పనికి కుదిరేది కాదు.

నెక్కొండలో విజయవాడ వైపు ప్యాసింజరు ఎక్కితే కేసముద్రం, మానుకోట, గార్ల దాటాక డోర్నకల్ వస్తుంది. రోజువారీ ప్రార్థనను కూలీల బతుకులో ఎలా ఇమడ్చాలన్న ప్రశ్న వందేళ్ళ కిందటే ఆ ఊరి ముందుకు వచ్చింది. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకలే ఆయన ఊరు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. చదువు లేదు, గడియారం లేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమని మత్తయి సువార్త చెబుతుంది. ఇల్లంతా ఒకటే గదైన గుడిసెలో ఏ తలుపు వేసుకోవాలి?

అందుకు డోర్నకల్ వెతుక్కున్న దారి పల్లె ఉపాధ్యాయుడు. 1935 నాటికి అలాంటివాళ్ళు రెండు వేలకు పైగా ఉన్నారు. బడి నడిపే మనిషే, కూలికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక సాయంత్రం అందరినీ ప్రార్థనకు కూడగట్టేవాడు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి పట్టించేవాడు. బైబిలు కథలు పాటలై వాడలో తిరిగేవి. మఠాల్లో రోజుకు ఎన్నోసార్లు జరిగే ప్రార్థనలను ఇంగ్లండులో 1549 నాటి ప్రార్థనా పుస్తకం ఉదయం, సాయంత్రం అని రెండింటికి కుదించింది. ఆ రెండింటిలో మన పల్లెకు అతికింది సాయంత్రానిదే అనిపిస్తుంది నాకు. పొలం నుంచి అందరూ వాడకు చేరే వేళ అది. ఎవరైనా రాకపోతే పక్కింటివాళ్ళు అడుగుతారు. ఒంటరి తీర్మానానికి ఆ అడిగేవాళ్ళే ఉండరు.

కాజీపేట ఫాతిమా కెథడ్రల్ వైపు కథోలిక కుటుంబాలకు త్రికాల జపం, జపమాల ఉన్నాయి. రోజుకు మూడుసార్లన్నది దానియేలు నాటి మాటే.

అన్నిటికంటే నాకు నచ్చింది పిడికెడు బియ్యం. తెలుగు పల్లె సంఘాల్లో పాత అలవాటు. ఎసరు మరుగుతుంటుంది. చేటలో చెరిగిన బియ్యం కడగబోయే ముందు ఓ గుప్పెడు తీసి, గూట్లో ఉన్న డబ్బాలో వేస్తుంది ఇల్లాలు. చెయ్యి డబ్బా మీద ఉండగానే పెదవులు కదులుతాయి: జ్వరంతో ఉన్న మనవడు, ఎండిపోయిన బోరు, పరీక్ష రాసే బిడ్డ. అర నిమిషం. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరుతుంది. సంఘం లెక్కల్లో అది కానుక. నా లెక్కలో అది ప్రార్థనకు వేసిన కొక్కెం కూడా. పొయ్యి వెలిగిన ప్రతి పూటా ఆ డబ్బా మూత తీయాల్సిందే, ఆ అర నిమిషం ఆగాల్సిందే.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన పరిశోధన కూడా ఈ దారికే వచ్చింది. కొత్త అలవాటును రోజూ ఎటూ జరిగే ఏదో ఒక పనికి, పొద్దుటి ఫలహారం లాంటిదానికి, ముడివేసుకోమన్నారు. 2010లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం కొందరికి 18 రోజులు, కొందరికి 254; మధ్యస్థంగా 66. ఇరవై ఒక్క రోజులు చాలన్నది ఉత్త ప్రచారం. ఇంకో సంగతి కూడా తేలింది: మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదు. మన విశ్వాసులకు ఎవరైనా గట్టిగా చెప్పాల్సింది ఇదే. నిన్న ప్రార్థన తప్పిందని, ఏ మొహం పెట్టుకుని ఇవాళ మోకరించాలని కుమిలిపోయి నెలంతా మానేసేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

ఇప్పుడు ఫోనొచ్చింది. తెల్లారగానే గులాబీ బొమ్మతో “నేటి వాగ్దానం” వస్తుంది, పది మందికి పంపేస్తే ఆ పూట ప్రార్థన అయిపోయినట్టే. దీని మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ అదే ఫోన్లో రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదులో ఉన్న కొడుకు, ఊళ్ళో ఉన్న తల్లి వీడియో కాల్‌లో కలిసి ఒక కీర్తన చదువుకుంటే మాత్రం నిలబడుతుంది. అవతల ఒక మనిషి ఎదురుచూస్తుంటాడు కదా.

ఇక శ్రమల దినాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు, ఆదివారాలు తీసేస్తే 40. ఇంటికో సాయంత్రం చొప్పున వంతులేసుకుని గృహ కూడికలు పెడతారు. మిరప కూలీలు వచ్చి స్నానం చేసేదాకా ఆగి ఎనిమిదింటికి మొదలుపెట్టే సంఘమే నిండుగా ఉంటుంది. చిక్కల్లా ఈస్టరు తర్వాతే. కుర్చీలు, చాపలు చర్చికి తిరిగిపోతాయి, కూడికలు ఆగిపోతాయి. పైన చెప్పిన 66కు అప్పటికి ఇంకా ఇరవై రోజులు తక్కువ. అదే గంటకు, అవే ఇళ్ళలో పెంతెకొస్తు దాకా వంతులు సాగిస్తే ఇంకో 50 రోజులు కలుస్తాయి. ఆపాటికి మిరప పనులు సద్దుమణుగుతాయి, రాత్రిళ్ళు అందరి మంచాలూ వాకిట్లోనే ఉంటాయి. ప్రార్థన కోసం ఎవరినీ ఇంట్లోకి పిలవక్కర్లేదు.